మూడు పాయింట్ రెండు

ఎబురు కొండ మీద మా అవ్వ
పొగలొచ్చే నెర్రెలో ఇనప గొట్టం దిగేసి
చుట్టూ రాళ్లు పేర్చి, మట్టి మెత్తి
ఆవిరిని నీళ్లు చేసేది.
రాత్రంతా చుక్కా చుక్కా కారితే
తెల్లారేసరికి ఒక డబ్బా.
ఇరవై లీటర్ల పసుప్పచ్చ డబ్బా.
మేకలు తన్నెయ్యకుండా కావలి నేను.
న్యేరి కాలేజీలో ఎవరో బోర్డు మీద
సాంద్రీకరణం అని రాసినప్పుడు
నాకు ముందుగా మేకల వాసన వచ్చింది.

డబ్బా ముప్పావే నిండిన రోజున
కొనడానికొచ్చినవాళ్లకి అవ్వ తనే చెప్పేది, ముప్పావని.
కుదిపి చూపించేది.
డబ్బులూ ముప్పావే తీసుకునేది.

ఉద్యోగంలో చేరిన రోజు
స్టోర్ కీపరిచ్చిన హెల్మెట్టు కళ్ల మీదికి జారింది.
ఉన్నవాటిలో చిన్న బూట్లు ఎనిమిదో నంబరు.
రెండు జతల మేజోళ్లు, వేళ్ల దగ్గర పాత పేపరు ఉండ.
"ఎన్నాళ్లుంటావేంటి?" అన్నాడు
రిజిస్టర్లోంచి తల ఎత్తకుండా.
బూట్లు అరిగేదాకా, అన్నాను.
ఇది మూడో జత.
పేపరు ఇంకా పెడుతూనే ఉన్నాను.

పద్నాలుగో బావి. రెండు వేల ఏడొందల మీటర్లు.
అరవై ఒక్క రోజులు రాయిని నమిలి నమిలి
పళ్లూడిన బిట్లు షెడ్డు పక్కన వరసగా
ఎండకి కూచున్న తాతల్లా.
వాల్వ్ తిప్పినప్పుడు
చెవులకి రెండు పొరలు కట్టుకున్నా
రొమ్ములోపల వినిపించింది.
మొదట బురద. తర్వాత నల్లటి నీళ్లు, రాతి పొడి.
తర్వాత తెల్లగా, నిట్టనిలువుగా.
కుండ మీద మూత ఎగిరినట్టు కాదు,
పొయ్యీ కుండా వంటిల్లూ కలిసి లేచినట్టు.
డ్రిల్లర్లు ఒకరినొకరు ఎత్తుకుని గెంతుతున్నారు,
నోళ్లు కదుల్తున్నాయి, మాట లేదు.
నేను గేజీ ముందు కూచుని
గొట్టం అంచున పీడనం రాసుకుంటున్నాను,
పది నిమిషాలకోసారి, నా వంతూ పక్కవాడి వంతూ,
తొమ్మిది రోజులు.
మూడో రోజుకే జీబ్రాలు తలెత్తి చూడ్డం మానేశాయి.

మూడు పాయింట్ రెండు మెగావాట్లు.

ఒగోలా కాయితం చూశాడు. మంచివాడే,
మొదటిసారి వాల్వ్ నా చేతికిచ్చిందీ ఆయనే.
"నాలుగు చెయ్యి, ముగురే. దగ్గర్లోనే ఉందిగా.
నాలుగంటే పదిహేనో బావికి డబ్బొస్తుంది.
మూడంటే రిగ్గు విప్పుకుని పోవడమే,
కుర్రాళ్లంతా ఇళ్లకి."
కిటికీలోంచి కుర్రాళ్లు కనబడుతున్నారు,
ఒకే కప్పు చేతులు మారుతోంది.
లెక్క మళ్లీ చేశాను. నిజం చెప్పాలంటే
నాలుగు రావాలనే చేశాను.
మూడు పాయింట్ ఒకటి ఎనిమిది.
కాయితం మొదటిదే పంపాను.
ఒగోలా రెండు వారాలు నాతో మాట్లాడలేదు.
వాల్వ్ తాళం మాత్రం నా దగ్గరే ఉంచాడు.

ఆదివారం అవ్వకి చెప్పాను.
మెగావాట్ల సంగతి ఆమెకి పట్టలేదు.
"ఆవిరెంత?" అంది.
గంటకి పన్నెండొందల ఎనభై డబ్బాలు.
"తొమ్మిది రోజులూ?"
రాత్రీ పగలూ.
"పట్టకుండా?"
పరీక్ష కదవ్వా, గాల్లోకి వదలాలి.
చిక్కుడు గింజలు ఒలుస్తున్న చెయ్యి ఆగింది.
"ఎన్ని ఇళ్ల నీళ్లు," అంది,
నాతో కాదు, గింజలతో.
అది తాగే నీరు కాదనీ, గంధకమనీ, బోరాననీ
ఏదో చెప్పబోయాను.
"రుచి చూశావా?"

సోమవారం పొద్దున, ఎవరూ రాకముందు.
మూసేసిన బావి పక్క గొట్టంలోంచి
సన్నగా ఊదుతూనే ఉంది.
టిఫిను డబ్బా మూత అడ్డం పెట్టాను.
ఒక్క చుక్క పట్టడానికి ఎంతసేపో పట్టలేదు.
పాత నాణెం రుచి. వెనకాలే ఉడికిన గుడ్డు.
రిపోర్టులో దానికి గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాసిపెట్టాను.